స్పెక్ట్రోఫోటోమీటరు పునఃక్రమాంకనం

స్పెక్ట్రోఫోటోమీటరు పునఃక్రమాంకనం అనగా మరమ్మతు జరిగిన స్పెక్ట్రోఫోటోమీటరు చూపించే తరంగదైర్ఘ్యాలు, శోషణ విలువలు వాస్తవ విలువలతో ఎంతవరకు ఏకీభవిస్తున్నాయో ప్రామాణిక పదార్థాల సహాయంతో మళ్ళీ నిర్ధారించే ప్రక్రియ. దీపం మార్చినా, అద్దం సరిచేసినా, ఎలక్ట్రానిక్ పలక కొత్తది అమర్చినా, చివరకు పరికరాన్ని ఒక గది నుండి మరొక గదికి తరలించినా ఈ ప్రక్రియ అవసరమవుతుంది. ఔషధ పరిశ్రమలు, నీటి పరీక్షా కేంద్రాలు, ఆసుపత్రులు, కళాశాలల ప్రయోగశాలలలో విరివిగా వాడే అతినీలలోహిత-దృశ్యకాంతి స్పెక్ట్రోఫోటోమీటరు గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ పరికరానికి ఒక లక్షణం ఉన్నది. త్రాసు పాడైతే ముల్లు ఊగిసలాడుతుంది, గడియారం పాడైతే ఆగిపోతుంది. స్పెక్ట్రోఫోటోమీటరు మాత్రం తప్పుడు తరంగదైర్ఘ్యం వద్ద నిలిచి ఉన్నప్పటికీ మూడు దశాంశ స్థానాల వరకు స్థిరమైన అంకెలనే చూపిస్తుంది. మరమ్మతు తరువాత పరికరం "పనిచేయడం" వేరు, "సరిగా కొలవడం" వేరు.

పదాల అర్థం

క్రమాంకనం, సర్దుబాటు అనే రెండు పదాలను చాలామంది ఒకే అర్థంలో వాడుతుంటారు. కొలతల శాస్త్రంలో ఇవి వేర్వేరు. పరికరం చూపే విలువకు, ప్రామాణిక విలువకు మధ్య గల సంబంధాన్ని కనుగొనడం క్రమాంకనం. కనుగొన్న తేడాను తొలగించడానికి మరను త్రిప్పడం గాని, స్మృతిలోని స్థిరాంకాన్ని మార్చడం గాని సర్దుబాటు. క్రమాంకనం చేయనిదే ఎంత సర్దాలో తెలియదు. సర్దిన తరువాత మళ్ళీ క్రమాంకనం చేయనిదే ఆ సర్దుబాటు ఫలించినదో లేదో తెలియదు. కనుక మరమ్మతు తరువాతి పనిలో కొలత, సర్దుబాటు, తిరిగి కొలత అనే వరుస ఉంటుంది. మరమ్మతుకు వచ్చిన సాంకేతిక నిపుణుడు సర్దుబాటు చేసి వెళ్ళిపోవడం, దానినే క్రమాంకనంగా పుస్తకంలో వ్రాసుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పట్టకం, దూరదర్శిని, కొలిమేటరు గల స్పెక్ట్రోమీటరు కోణాలను కొలిచే పరికరం. ఇక్కడ చెప్పుకుంటున్నది కాంతి పరిమాణాన్ని కూడా కొలిచే పరికరం కనుక దీనిని స్పెక్ట్రోఫోటోమీటరు అంటారు. వాడుకలో రెండింటినీ స్పెక్ట్రోమీటరు అనడం కద్దు.

నిర్మాణం, మరమ్మతు వలన కలిగే మార్పులు

అతినీలలోహిత ప్రాంతానికి డ్యుటీరియం దీపం, దృశ్యకాంతికి టంగ్‌స్టన్-హాలోజన్ దీపం కాంతి జనకాలు. దీపకాంతి సన్నని చీలిక గుండా మోనోక్రోమేటరులోకి ప్రవేశిస్తుంది. అక్కడ గ్రేటింగు అని పిలిచే వివర్తన జాలకం ఆ కాంతిని వర్ణపటంగా విడదీస్తుంది. జాలకాన్ని త్రిప్పే కోణాన్ని బట్టి కోరిన తరంగదైర్ఘ్యం మాత్రమే రెండవ చీలిక గుండా బయటకు వచ్చి, క్యువెట్టులోని ద్రావణం గుండా ప్రయాణించి డిటెక్టరును చేరుతుంది. పదవ వంతు కాంతి మాత్రమే ద్రావణాన్ని దాటి వస్తే దాని శోషణం 1, నూరవ వంతు వస్తే 2. పలుచని ద్రావణాలలో శోషణం గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుందనే బీర్-లాంబర్ట్ సూత్రమే ఈ పరికరంతో చేసే పరిమాణాత్మక విశ్లేషణకు ఆధారం.

ఈ మార్గంలో ఏ భాగాన్ని ముట్టుకున్నా ఏదో ఒక కొలత కదులుతుంది. దీపం మార్చినపుడు దాని ప్రతిబింబం చీలిక మీద కొద్దిగా పక్కకు పడవచ్చును. అందువలన కాంతి తగ్గి, కొలతలో అలజడి పెరుగుతుంది. జాలకాన్ని త్రిప్పే యంత్రాంగాన్ని విప్పి బిగిస్తే తరంగదైర్ఘ్యపు కొలబద్ద మొత్తం జరుగుతుంది. అద్దం మీద ధూళి చేరితే, లేక ఎవరైనా దానిని గుడ్డతో తుడిస్తే, చెదిరిన కాంతి పెరుగుతుంది. ఈ అద్దాలకు అల్యూమినియం పూత ముందువైపునే ఉంటుంది కనుక తుడవడమంటే గీతలు పెట్టడమే. డిటెక్టరు మారితే శోషణానికి, పరికరపు ప్రతిస్పందనకు గల సరళరేఖా సంబంధం మారవచ్చును. కొన్ని పాత నమూనాలలో తరంగదైర్ఘ్య స్థిరాంకాలు చిన్న బ్యాటరీ ఆధారంతో నిలిచే స్మృతిలో ఉంటాయి. ఆ బ్యాటరీ అయిపోయినా, పలక మార్చినా స్థిరాంకాలు చెరిగిపోయి పరికరం కర్మాగారపు సాధారణ విలువలతో పనిచేయడం మొదలుపెడుతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాకపోవచ్చును.

ప్రాముఖ్యత

పొరపాటు ఫలితంలోకి ఎంతవరకు చేరుతుందనేది విశ్లేషణ పద్ధతిని బట్టి ఉంటుంది. పారాసిటమాల్ మాత్రలకు భారత, బ్రిటిష్ ఔషధ సంహితలలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. 0.15 గ్రాముల పారాసిటమాల్‌కు సమానమైన మాత్రల పొడిని సజల సోడియం హైడ్రాక్సైడులో కరిగించి, 200 మిల్లీలీటర్లకు పెంచి, వడపోసి, రెండు పర్యాయాలు పదిరెట్లు పలుచన చేసి, 257 నానోమీటర్ల వద్ద శోషణాన్ని కొలుస్తారు. ఒక సెంటీమీటరు మందంలో ఒక శాతం ద్రావణానికి శోషణం 715 అని ముందే నిర్ణయించిన విలువతో భాగించి మాత్రలోని మందు పరిమాణాన్ని లెక్కిస్తారు. పూర్తి పరిమాణంలో మందు ఉంటే చివరి ద్రావణపు శోషణం సుమారు 0.536 రావాలి.

ఈ పద్ధతిలో పక్కన ప్రామాణిక పారాసిటమాల్ ద్రావణాన్ని పెట్టి పోల్చడం లేదు. పోలిక అంతా పరికరంతోనే. పరికరం మూడు శాతం ఎక్కువ చూపితే 0.536 బదులు 0.552 కనబడుతుంది. చెప్పిన పరిమాణంలో 93 శాతమే మందు ఉన్న మాత్రలు 96 శాతంగా తేలి, 95 నుండి 105 శాతం అనే పరిమితిలోకి వచ్చి మందుల దుకాణానికి చేరుతాయి. పరికరం మూడు శాతం తక్కువ చూపితే మంచి సరుకు తిరస్కరించబడుతుంది. ప్రామాణిక ద్రావణాన్ని అదే రోజు, అదే పరికరం మీద కొలిచి పోల్చే పద్ధతులలో ఇటువంటి దోషం చాలావరకు రెండువైపులా కొట్టుకుపోతుంది. కనుక స్థిర విలువతో లెక్కించే పద్ధతులు వాడే ప్రయోగశాలలకు పునఃక్రమాంకనం మరింత ముఖ్యం.

నీటి పరీక్షలలో పరిస్థితి కొంత భిన్నం. నల్గొండ జిల్లా వంటి ఫ్లోరైడు పీడిత ప్రాంతాల నీటిని స్పాడ్‌న్స్ అనే రంగు పదార్థంతో కలిపి 570 నానోమీటర్ల వద్ద కొలిచే పద్ధతి ప్రసిద్ధం. ఫ్లోరైడు పెరిగేకొద్దీ రంగు తగ్గుతుంది. తెలిసిన ఫ్లోరైడు ద్రావణాలతో గీసిన రేఖాపటం ద్వారా ఫలితాన్ని చదువుతారు. భారతీయ ప్రమాణం ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతించదగినది. ఈ రెండు అంకెల మధ్య దూరం స్వల్పం. మరమ్మతుకు ముందు గీసిన రేఖాపటాన్ని మరమ్మతు తరువాత వాడితే ఒక బోరుబావి తప్పుగా మంచిదని గాని, చెడ్డదని గాని తేలవచ్చును. మరమ్మతు జరిగిన రోజు నుండి పాత రేఖాపటాలన్నీ చెల్లవని భావించి కొత్తవి గీయడం క్షేమం.

సన్నాహాలు

కొత్త దీపాన్ని వ్రేళ్ళతో తాకరాదు. చేతి జిడ్డు క్వార్ట్జు మీద వేడికి మాడి మచ్చగా ఏర్పడుతుంది. డ్యుటీరియం దీపం వెలగడానికి కొన్ని వందల వోల్టుల విద్యుత్తు అవసరం, దాని కాంతి కళ్ళకు హానికరం. మూత తెరచి దీపాన్ని సర్దేవారు అతినీలలోహిత కిరణాలను అడ్డగించే కళ్ళద్దాలు తప్పక ధరించాలి. దీపాలు వెలిగించిన తరువాత కనీసం అరగంట పరికరాన్ని అలాగే ఉంచాలి. కొత్త దీపానికి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వడం మంచిది. వేడెక్కక ముందు తీసిన కొలతలను చూసి సర్దుబాటు చేస్తే, వేడెక్కిన తరువాత అదే సర్దుబాటు దోషమవుతుంది.

వీలైతే మరమ్మతుకు ముందే, పరికరం ఉన్న స్థితిలోనే ఒకసారి అన్ని పరీక్షలు చేసి విలువలను వ్రాసి పెట్టాలి. దీని ఉపయోగం ఈ వ్యాసంలో తరువాత వివరించబడింది.

తరంగదైర్ఘ్య పరీక్ష

పరీక్షలలో మొదటిది ఇదే కావాలి. తరంగదైర్ఘ్యం తప్పయితే తరువాత కొలిచే శోషణాలకు అర్థం ఉండదు.

అనేక పరికరాలు స్విచ్చి వేయగానే డ్యుటీరియం దీపం తానే వెలువరించే 486.0, 656.1 నానోమీటర్ల రేఖలను చూసుకుని తమను తాము సరిచేసుకుంటాయి. సాధారణ హైడ్రోజన్ రేఖలు దీనికి కొద్దిగా ఎగువన, 486.1, 656.3 వద్ద ఉంటాయి. పాత పుస్తకాలలోని హైడ్రోజన్ దీపపు విలువలను డ్యుటీరియం దీపానికి వాడరాదు. ఈ స్వయం పరీక్ష ఉపయోగకరమైనదే గాని ఈ రెండు రేఖలూ దృశ్యకాంతిలోనివి. అక్కడ సరిగా ఉన్న కొలబద్ద 250 నానోమీటర్ల వద్ద కూడా సరిగా ఉన్నదని ఇది నిరూపించదు. స్వయం పరీక్షలో ఉత్తీర్ణత వచ్చినంత మాత్రాన పరికరాన్ని పనిలోకి తీసుకోవడం తగదు.

అందుకే హోల్మియం వాడుతారు. హోల్మియం ఆక్సైడును పెర్క్లోరిక్ ఆమ్లంలో కరిగించిన ద్రావణానికి సన్నని, పదునైన శోషణ శిఖరాలు అనేకం ఉన్నాయి. ఔషధ సంహితలు వాటిలో 241.15, 287.15, 361.5, 536.3 నానోమీటర్ల శిఖరాలను పరీక్షకు ఎంచుకున్నాయి. 400 నానోమీటర్లకు దిగువన ±1, ఎగువన ±3 నానోమీటర్ల తేడాను అనుమతించే నియమం చాలాకాలం వాడుకలో ఉన్నది. నేటి పరికరాలకు ఈ ±3 చాలా ఉదారమైన పరిమితి. మంచి స్థితిలో ఉన్న పరికరం అర నానోమీటరు లోపే ఉంటుంది. మరమ్మతు తరువాత 536.3 శిఖరం 538.5 వద్ద కనబడితే నియమం ప్రకారం ఉత్తీర్ణమే అయినా, ఏదో కదలినదని అర్థం చేసుకోవాలి.

శిఖరాలను నెమ్మదిగా, 0.1 లేక 0.2 నానోమీటర్ల అంతరంతో గీయించాలి. వేగంగా గీయిస్తే శిఖరం గీత దిశలోకి జరుగుతుంది. చీలిక వెడల్పు మారినా శిఖర స్థానం కొంత మారుతుంది కనుక ధ్రువపత్రంలో పేర్కొన్న పట్టీ వెడల్పునే వాడాలి. హోల్మియం గాజు ఫిల్టరు చేతికి సులువైనది, కాని గాజు తయారీని బట్టి శిఖరాలు కొద్దిగా మారుతాయి. ఆ ఫిల్టరుకే చెందిన ధ్రువపత్రం లేనిదే దానిని నమ్మరాదు. పాదరస దీపం అందుబాటులో ఉంటే 253.65, 435.83, 546.07 నానోమీటర్ల రేఖలు అన్నిటికన్నా నమ్మదగినవి, ఎందుకంటే అవి పరమాణువు స్వభావం వలన కలిగినవే గాని ఎవరో తయారుచేసిన ద్రావణం మీద ఆధారపడినవి కావు.

తేడాల తీరు కూడా ఒక సమాచారమే. అన్ని శిఖరాలు ఒకే దిశలో, ఒకే మేరకు జరిగితే కొలబద్ద ప్రారంభ బిందువు తప్పినది. ఒక స్థిరాంకాన్ని సర్దితే చాలు. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ తేడా పెరుగుతూ పోతే జాలకాన్ని త్రిప్పే యంత్రాంగంలోనే దోషం ఉన్నది. ఒకసారి ముందుకు, మరొకసారి వెనుకకు జరుగుతుంటే యంత్రాంగం వదులైనదని అర్థం. అటువంటి పరికరాన్ని స్థిరాంకాలతో సరిచేయడం వ్యర్థం, మరమ్మతునే మళ్ళీ చేయాలి.

చెదిరిన కాంతి పరీక్ష

ప్రయోగశాలలలో స్ట్రే లైటుగా వ్యవహరించే ఈ కాంతి, కోరిన తరంగదైర్ఘ్యానికి చెందకుండా దారితప్పి డిటెక్టరును చేరేది. ద్రావణం పీల్చుకోని ఈ కాంతిని డిటెక్టరు, ద్రావణాన్ని దాటి వచ్చిన కాంతిగా లెక్కిస్తుంది. అసలు శోషణం 2 ఉన్న ద్రావణానికి చెదిరిన కాంతి 0.1 శాతం ఉంటే 1.96 కనబడుతుంది, ఒక శాతం ఉంటే 1.70 మాత్రమే. అనగా గాఢమైన ద్రావణాలు అసలుకన్నా పలుచనగా కనబడతాయి, పైగా ఆ తేడా శోషణంతోపాటు పెరుగుతుంది.

పరీక్ష సులువు. 1.2 శాతం పొటాషియం క్లోరైడు ద్రావణం సుమారు 200 నానోమీటర్లకు దిగువన కాంతిని దాదాపు పూర్తిగా అడ్డగిస్తుంది. ఒక సెంటీమీటరు క్యువెట్టులో, నీటితో పోల్చి 200 నానోమీటర్ల వద్ద కొలిచినపుడు శోషణం 2 కన్నా ఎక్కువ రావాలి. పాత దీపం, మసకబారిన అద్దం ఉన్న పరికరాలు మొదట విఫలమయ్యేది ఇక్కడే, ఎందుకంటే ఈ కొసన దీపం ఇచ్చే అసలు కాంతి తక్కువ. పొటాషియం క్లోరైడు స్వచ్ఛమైనది కాకపోతే పరీక్ష అబద్ధపు ఉత్తీర్ణతను ఇవ్వగలదు. ఆ కల్మషాలు కూడా కాంతిని పీలుస్తాయి.

విభేదన శక్తి

హెక్సేన్‌లో 0.02 శాతం టొలుయీన్ ద్రావణానికి 269 నానోమీటర్ల శిఖరం వద్ద శోషణాన్ని 266 నానోమీటర్ల లోయ వద్ద శోషణంతో భాగిస్తారు. సాధారణంగా 1.5 కన్నా తక్కువ రాకూడదు. చీలికలను విప్పి బిగించిన మరమ్మతులలో ఈ పరీక్ష తప్పనిసరి. దీపం మాత్రమే మార్చినపుడు ఇందులో మార్పు అరుదు.

శోషణ పరీక్ష

130 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆరబెట్టిన పొటాషియం డైక్రోమేట్‌ను సుమారు 60 మిల్లీగ్రాములు కచ్చితంగా తూచి, 0.005 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి ఒక లీటరుకు పెంచుతారు. దీనిని నాలుగు తరంగదైర్ఘ్యాల వద్ద కొలుస్తారు. ఒక శాతం ద్రావణానికి లెక్కగట్టిన విలువలు 235 వద్ద 124.5, 257 వద్ద 144.0, 313 వద్ద 48.6, 350 వద్ద 106.6 ఉండాలి. సరిగ్గా 60 మిల్లీగ్రాములు తూచి ఉంటే పరికరం మీద కనబడవలసిన శోషణాలు వరుసగా 0.747, 0.864, 0.292, 0.640. సంహితలలో 257 వద్ద 142.8 నుండి 145.7 వరకు, 350 వద్ద 104.9 నుండి 108.2 వరకు పరిమితులుగా ఇచ్చారు. అనగా శోషణంలో 0.857 నుండి 0.874 వరకు, 0.629 నుండి 0.649 వరకు. పైన చెప్పిన పారాసిటమాల్ కొలత కూడా 257 వద్దనే కావడం వలన ఔషధ ప్రయోగశాలకు ఈ బిందువు మీద ప్రత్యేక శ్రద్ధ అవసరం.

ఈ నాలుగింటిలో 257, 350 శిఖరాలు. 235, 313 లోయలు. శిఖరం కొసన గాని, లోయ అడుగున గాని వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది కనుక తరంగదైర్ఘ్యం కొద్దిగా తప్పినా శోషణం అంతగా మారదు. శోషణాన్ని మాత్రమే పరీక్షించడానికి ఇది అనుకూలం. కాని ఇందులోనే ఒక చిక్కు ఉన్నది. తరంగదైర్ఘ్యం ఒక నానోమీటరు తప్పిన పరికరం కూడా డైక్రోమేట్ పరీక్షలో నెగ్గిపోగలదు. అదే పరికరం మీద మరొక మందును దాని వక్రరేఖ వాలులో కొలిస్తే ఫలితం గట్టిగా తప్పుతుంది. డైక్రోమేట్ ఒక్కటి చేసి సరిపెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల కనబడుతుంది. హోల్మియం పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు.

విఫలమైతే మళ్ళీ తీరును చూడాలి. నాలుగు విలువలు ఒకే నిష్పత్తిలో తగ్గితే లేక పెరిగితే ముందుగా అనుమానించవలసినది పరికరాన్ని కాదు, త్రాసును, ఫ్లాస్కును. మరొక వ్యక్తి విడిగా తూచి చేసిన రెండవ ద్రావణంతో సరిచూడాలి. శిఖరాలు తగ్గి లోయలు పెరిగితే పట్టీ వెడల్పు ఎక్కువైనది. 235 వద్ద మాత్రమే తగ్గితే అతినీలలోహిత దీపం అమరికను, చెదిరిన కాంతిని చూడాలి. క్యువెట్టులు జతగా సరిపోయాయో లేదో ముందే రెండింటిలోను నీరు పోసి తేల్చుకోవాలి. మచ్చపడిన క్యువెట్టు మీది నేరాన్ని పరికరం మీద మోపి స్థిరాంకాలను మార్చితే, తరువాత మంచి క్యువెట్టు పెట్టిన రోజున అంతా తలక్రిందులవుతుంది.

డైక్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సరు కారకం, పెర్క్లోరిక్ ఆమ్లం ప్రమాదకరం. కనుక ఈ ద్రావణాలను క్వార్ట్జు క్యువెట్టులో శాశ్వతంగా మూసి, ధ్రువపత్రంతో అమ్మే వాటిని వాడటం పెరిగింది. దృశ్యకాంతి ప్రాంతానికి బూడిదరంగు గాజు ఫిల్టర్లు ఉన్నాయి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 930 సంఖ్యతో విడుదల చేసిన ఇటువంటి ఫిల్టర్ల సమితిని 440 నుండి 635 నానోమీటర్ల మధ్య ఐదు చోట్ల ధ్రువీకరించారు.

మరమ్మతుకు ముందరి ఫలితాలు

పునఃక్రమాంకనం ముగిసి పరికరం సరిగా ఉన్నదని తేలిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. పరికరం ఎప్పటినుండి చెడిపోయి ఉన్నది? దీపం ఒక్కసారిగా ఆరిపోతే జవాబు సులువు. ఆరిపోయిన దీపం తప్పుడు ఫలితాన్ని ఇవ్వలేదు. అద్దం మసకబారడం, యంత్రాంగం వదులు కావడం వంటివి నెమ్మదిగా జరుగుతాయి. మరమ్మతుకు ముందు ఉన్న స్థితిలో తీసిన విలువలు ఇక్కడే పనికి వస్తాయి. ఆ విలువలు పరిమితులలో ఉంటే వెనుకటి ఫలితాలకు ముప్పు లేదు. పరిమితులు దాటి ఉంటే, చివరిసారి నెగ్గిన పరీక్ష నాటినుండి ఇచ్చిన ప్రతి నివేదికా అనుమానాస్పదమే. ఆరునెలలకు ఒకసారి పరీక్షించే ప్రయోగశాలకు ఆరునెలల పని ప్రశ్నార్థకమవుతుంది, నెలకొకసారి పరీక్షించే చోట నెల రోజుల పనే.

ముందరి విలువలు తీయలేని పరిస్థితిలో భద్రపరచిన నమూనాలను బయటకు తీసి, సరైన పరికరం మీద మళ్ళీ కొలిచి, పాత ఫలితాలతో పోల్చుతారు. ఔషధ సంస్థలు ప్రతి ఉత్పత్తి సమూహం నుండి నమూనాలను దాచి ఉంచుతాయి కనుక వారికి ఇది సాధ్యం. నీటి నమూనాల విషయంలో మళ్ళీ ఊరికి వెళ్ళి నీరు పట్టుకు రావలసిందే.

నియమాలు

ప్రయోగశాలల సామర్థ్యానికి సంబంధించిన ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17025 ప్రమాణపు 2017 ప్రతి, పరికరాన్ని పనిలోకి తిరిగి తెచ్చే ముందు అది నిర్దేశిత అవసరాలకు తగినట్లు ఉన్నదని నిర్ధారించాలని చెబుతుంది. దోషం ఉన్నదని తెలిసిన పరికరాన్ని పని నుండి తప్పించి, వేరుగా ఉంచడమో గుర్తు అంటించడమో చేయాలి. ఆ దోషపు ప్రభావాన్ని కూడా పరిశీలించాలి. భారతదేశంలో ఈ ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలకు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపునిస్తుంది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దేశపు కొలతల ప్రమాణాలను నిర్వహిస్తుంది, భారతీయ నిర్దేశక్ ద్రవ్య పేరుతో ప్రామాణిక పదార్థాలను వెలువరిస్తుంది.

నమోదు పుస్తకంలో మార్చిన భాగం, సర్దిన స్థిరాంకపు పాత విలువ, కొత్త విలువ, వాడిన ప్రామాణిక పదార్థపు గడువు, గది ఉష్ణోగ్రత ఉండాలి. పాత స్థిరాంకాన్ని వ్రాసుకోకుండా చెరిపివేయడం తిరిగి సరిచేయలేని తప్పు.

చరిత్ర

ఛాయాచిత్ర ఫలకాల కాలంలో వర్ణపట శాస్త్రజ్ఞులు, పరిశీలిస్తున్న వర్ణపటం పక్కనే ఇనుప ఆర్కు వర్ణపటాన్ని కూడా అదే ఫలకం మీద ముద్రించేవారు. తరంగదైర్ఘ్యాలు తెలిసిన ఇనుప రేఖలే కొలబద్ద. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చర్లకోట రంగధామరావు వర్ణపటశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన రోజులలో ప్రపంచమంతటా ఉన్న పద్ధతి ఇది. ప్రతి ఫలకం తన క్రమాంకనాన్ని తనతోనే మోసుకువెళ్ళేది, ఎవరైనా దానిని మళ్ళీ కొలిచి సరిచూడవచ్చును.

1941లో ఆర్నాల్డ్ బెక్మన్ సంస్థ డి.యు. స్పెక్ట్రోఫోటోమీటరును విడుదల చేసిన తరువాత శోషణాన్ని నేరుగా చదవడం సాధ్యమై, ఈ పరికరాలు రసాయన, జీవరసాయన ప్రయోగశాలలకు వ్యాపించాయి. క్వార్ట్జు పట్టకం గల ఆ పరికరంలో తరంగదైర్ఘ్యాన్ని చేతితో త్రిప్పి పెట్టేవారు. సూక్ష్మ ప్రాసెసర్లు వచ్చిన తరువాత కొలబద్ద స్మృతిలోకి చేరి, వాడుకరి కంటికి కనబడకుండా పోయింది.